రేకు బలం తెలియాలంటే ఎంత ముక్క కోయాలి?

తాడేపల్లిగూడెంలో రేకుల షెడ్డు వేయించినా, కొల్లేరు చేపల చెరువు గట్టు మీద కాపలా పాక కప్పించినా, షాపులో మనం అడిగేది ఒకటే: "రేకు గట్టిదేనా?" ఆయన అంచు పట్టుకుని వంచి చూపిస్తాడు. అదీ ఒక పరీక్షే. కానీ ఎంత బరువుకి సాగుతుంది, ఎక్కడ తెగుతుంది అన్న లెక్క అందులో దొరకదు. ఆ లెక్క వెనకున్న చరిత్ర ఈరోజు చెప్తాను.

1866లో డేవిడ్ కిర్కాల్డీ అనే ఇంజినీరు లండన్‌లో లోహాల పరీక్షాశాల తెరిచాడు. ఆయన యంత్రం పొడవు దాదాపు 14 మీటర్లు! 1879లో స్కాట్లాండ్‌లో టే వంతెన కూలి, రైలు నదిలో పడిపోయింది. ఆ వంతెన ఇనుప భాగాల్ని పరీక్షించింది ఆయన దగ్గరే.

తర్వాత రేకులకూ ఒక కొలత కుదిరింది. సుమారు 200 మిల్లీమీటర్ల పొడవు, నడుము దగ్గర 12.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క. రెండు చివర్లు పట్టుకుని యంత్రం తెగేదాకా లాగుతుంది.

మరి అంత ముక్క కోయలేకపోతే?

మన ఏలూరు పక్కనే పెదవేగి, అంటే పాత వేంగి. అక్కడి శాలంకాయన రాజులు రాగి రేకుల మీద శాసనాలు వేయించారు. వాటిలో ఒకదాన్ని చరిత్రకారులు కొల్లేరు శాసనం అంటారు. బలం చూస్తాం, జానెడు రేకు కోసివ్వండి అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? రేకుతో పాటు చరిత్రా పోతుంది కదా!

అణు రియాక్టర్లలోనూ ఇదే ఇబ్బంది. లోపల జాగా తక్కువ. పైగా రేడియేషన్ తగిలిన లోహం ముక్క ఎంత పెద్దదైతే దాన్ని పట్టుకునేవాళ్లకి అంత ప్రమాదం. అందుకే 1981లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 3 మిల్లీమీటర్ల బిళ్లని వంచి బలం లెక్కగట్టే పద్ధతి ప్రచురించారు. మన చొక్కా గుండీ కంటే చిన్నది! ఇలాంటి బిళ్లల్ని చిన్న గుండుతో నొక్కి చూసే పరీక్షల మీద మన దేశంలో కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం కూడా పనిచేసింది.

అయితే ఎంత చిన్నదైనా పర్లేదా? కాదు. లోహం లోపల సన్నటి రేణువులు కూర్చుని ఉంటాయి, బూందీ లడ్డూలాగా. రెండు బూందీలు తీసి నొక్కితే లడ్డూ గట్టిదో కాదో తెలుస్తుందా? ముక్క మందంలో తగినన్ని రేణువులు లేకపోతే ఒక్కో ముక్క ఒక్కో జవాబు చెప్తుంది. కోసేటప్పుడు అంచు దెబ్బతిన్నా లెక్క తప్పుతుంది. పెద్ద ముక్కలో పట్టించుకోని గీత, చిన్న ముక్కలో పెద్ద గాయం.

ఇంకో సంగతి. రోలర్ల మధ్య నొక్కి చేసిన రేకుకి నిలువునా ఒక బలం, అడ్డంగా ఇంకో బలం. అందుకే నిలువు, అడ్డం, ఏటవాలు, మూడు వైపులా ముక్కలు కోసి చూస్తారు. ముక్క చిన్నదైతే చారెడు రేకులోనే మూడూ వచ్చేస్తాయి.

తుఫాను గాలికి రేకు చాలాసార్లు మధ్యలో చిరగదు, స్క్రూ చుట్టూ చిరుగుతుంది. ఆ కాస్త చోటు ఎంత నలిగిందో పెద్ద ముక్క విడిగా చెప్పలేదు, చిన్న ముక్క చెప్పగలదు. 2015లో మొదలైన మన గూడెం నిట్‌లో మెటలర్జీ బ్రాంచి ఉంది. అక్కడ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ లెక్క మీ చేతికి వచ్చినప్పుడు ముందు ఒక్కటే అడగండి: ఈ ముక్క ఎక్కడ కోశారు, ఏ దిశలో కోశారు?