41.4 మిల్లీమీటర్లు

హోండా సూపర్ కబ్ చరిత్ర అనగానే అందరూ 2017లో దాటిన పది కోట్ల బళ్ల లెక్కే చెప్తారు. నాకు మాత్రం ఆ చరిత్ర సిలిండర్ హెడ్డులో కనిపిస్తుంది.

1958లో వచ్చిన మొదటి కబ్, సి100, 49 సీసీ బండి. వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్ట్ కింద ఉండేది. పుష్ రాడ్లు దాని కదలికను పైకి మోసేవి. 1966 నాటి సి50లో క్యామ్ హెడ్డులోకే ఎక్కింది, దాన్ని తిప్పడానికి సిలిండర్ పక్కనుంచి చైను వచ్చింది. చూడ్డానికి అదే బండి. కానీ పాతదాని హెడ్డు దీని మీద కూర్చోదు. ఇంటిపేరు ఒకటే, కొలతలు వేరు.

నాకు ఆసక్తి ఈ రెండో తరం మీదే. సి50 బోరు 39 మి.మీ., సి70 బోరు 47. స్ట్రోకు మాత్రం రెండింటికీ 41.4. అంటే పిస్టను కదిలే దూరం అలాగే ఉంచి, సిలిండరు వెడల్పు చేసి 49 సీసీని 72 చేశారు. కంపెనీకి అదొక పొదుపు. ఇదే ఇంజనుతో నడిచే మంకీ అనే బుల్లి బండి మీద మోజుపడ్డ జపాను కుర్రాళ్లకు అదే సందు. పెద్ద బండి సిలిండరు, పిస్టను, హెడ్డు తెచ్చి చిన్నదానికి బిగించేశారు.

అయితే స్టడ్లలో దిగింది కదా అని హెడ్డు సరిపోయినట్టు కాదు. 49 సీసీకి కంప్రెషన్ 10:1 అనుకుందాం. పిస్టను పైకొచ్చాక మిగిలే ఖాళీ దాదాపు 5.4 సీసీ. ఆ ఖాళీ అంతే ఉంచి 72 సీసీ సిలిండరు పెడితే నిష్పత్తి 14 దాటుతుంది. మామూలు పెట్రోలుతో ఇంజను టకటకా కొట్టుకుంటుంది. పెద్ద హెడ్డొకటే తెచ్చి చిన్న సిలిండరు మీద పెడితే కంప్రెషన్ పడిపోయి బండి ఈడుస్తుంది. పైగా ఫ్లైవీల్ మీది టి గుర్తు, చైన్ చక్రం మీది గుర్తు ఒకేసారి వాటి వాటి గీతలకు ఎదురుగా నిలవాలి. (మన దగ్గర 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100 హెడ్డు దించిన ఏ మెకానిక్కుకైనా ఈ తంతు తెలుసు. దాని కొలతలు వేరు, 50 × 49.5. సిలిండరు ముందుకు వాలిన తీరు మాత్రం కబ్‌దే.)

ఇందులో చట్టం కూడా ఉంది. జపానులో 50 సీసీ లోపు బండికి తెల్ల ప్లేటు, గంటకు 30 కి.మీ. హద్దు, వెనక ఇంకొకరు ఎక్కకూడదు. 72 సీసీ అయితే పసుపు ప్లేటు, వేరే లైసెన్సు. సిలిండరు మారిస్తే మునిసిపల్ ఆఫీసుకెళ్లి చెప్పుకోవాలి. హెడ్డు ఒక్కటే మారిస్తే సీసీ మారదు, ప్లేటూ మారదు.

2025 ఏప్రిల్ నుంచి ఆ లెక్క మారింది. శక్తి 4 కిలోవాట్లు మించకుండా చేసిన 125 సీసీ లోపు బళ్లను పాత 50 సీసీ లైసెన్సుతోనే నడపొచ్చు. హోండా 50 సీసీ బళ్ల తయారీ ఆపేసింది. ఇన్నాళ్లూ సిలిండరును కొలిచిన చట్టం ఇప్పుడు శక్తిని కూడా కొలుస్తోంది. ఇంజను ఎంత గాలి పీలుస్తుందో తేల్చేది మాత్రం హెడ్డే.