లైబ్రరీయే ఇంటికొచ్చింది: జూబ్లీ హిల్స్ ఓపెన్ యూనివర్సిటీ కథ

జూబ్లీ హిల్స్ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? స్టార్ల ఇళ్లు, స్టూడియోలు, కేబుల్ బ్రిడ్జి. అక్కడే రోడ్ నంబర్ 46లో ఇంకో పెద్ద కథ ఉంది. దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలో. పుస్తకాలేమో ఇంగ్లీషులో. అందుకని దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, వాటిని ఉర్దూలోకి తెచ్చారు. గొప్ప పనే. కానీ తెలుగు మాత్రమే వచ్చిన పల్లెటూరి పిల్లాడికి ఆ పుస్తకాలు అందలేదు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. వాడి పరిస్థితి పెద్దగా మారలేదు.

అంటే లైబ్రరీ తలుపుకి రెండు తాళాలన్నమాట. ఒకటి భాష, రెండోది అడ్మిషన్.

మొదటి తాళం తీయడానికి 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కాలేజీ పుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. మరి కాలేజీకే వెళ్లలేని వాళ్ల సంగతి? పదో తరగతితో ఆపేసి పనిలో చేరినవాళ్లు, పెళ్లయ్యి చదువు మానేసిన అక్కలు?

వాళ్ల కోసమే 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో చేరే వీలుండేది. పాఠాలు తెలుగులో అచ్చేసి ఇచ్చారు. పక్కన మాస్టారు ఉండరు కదా, అందుకే పాఠం మధ్యలోనే ప్రశ్నలు, చివర్లో జవాబులు పెట్టారు. సందేహాలుంటే స్టడీ సెంటర్‌లో అడగొచ్చు. మనిషి లైబ్రరీకి రాలేకపోతే, లైబ్రరీయే మనిషి దగ్గరికి వెళ్లింది.

ఈ పద్ధతి ఇక్కడితో ఆగలేదు. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డి గారే. 1991లో మన యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు ఇప్పటికీ ఈ పుస్తకాల కోసం వెతుకుతారు. తెలుగులో, సొంతంగా చదివి అర్థం చేసుకునేలా రాశారు కాబట్టి.

మీ ఇంట్లో అమ్మో బాబాయో ఇలా డిగ్రీ చదివారా? ఒకసారి అడగండి. ఆ పాత పుస్తకాలు అటక మీద ఉంటే మాత్రం పాత పేపర్లవాడికి వేసేయకండి!