విలోమం లేని మాత్రికకు విరుగుడు

హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవారి మీద అణుబాంబు రేడియేషన్ దీర్ఘకాలంలో ఏం చేస్తోందో తేల్చడానికి జపాన్‌లో సేకరించిన లెక్కలు కొన్ని 1954లో కలకత్తాలో ఒక తెలుగువాడి చేతికి వచ్చాయి. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. పుట్టింది హూవిన హడగలిలో. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టర్ కావడంతో బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ బడులు తిరిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

జపాన్ లెక్కల్లో చిక్కంతా పట్టికల్లో ఉంది. మనుషులను రకరకాలుగా వర్గీకరించారు కానీ, ఒక గడికీ మరో గడికీ సంఖ్యల్లో పొంతన లేదు. అన్నీ సమంగా నిండి ఉంటే తెలిసిన చిట్కాలతో లెక్క తెమిలిపోయేది. ఇక్కడ ఏకఘాత సమీకరణాలు కట్టి సాధించాల్సిందే. తీరా కడితే, విలోమం తీయాల్సిన మాత్రిక కాస్తా అసాధారణ మాత్రికగా తేలింది. అంటే నిర్ధారకం సున్నా. ఇంటర్ పిల్లవాడైనా అక్కడ కలం కింద పెట్టేస్తాడు.

ఇలా ఎందుకవుతుందో వరి పొలంలో చూద్దాం. ఎకరానికి ఒక వంగడం 30 బస్తాలు, ఇంకొకటి 34 ఇచ్చాయనుకోండి. నేల సత్తువ కొంత, వంగడం గొప్పతనం కొంత కలిస్తేనే ఈ దిగుబడి. తెలియనివి మూడు, సమీకరణాలు రెండే. నేల వాటా 30 అంటే వంగడాలవి 0, 4. నేల వాటా 20 అంటే 10, 14. ఎన్ని జవాబులైనా చెప్పొచ్చు, ఏదీ తప్పు కాదు. కానీ ఏ జవాబు తీసుకున్నా రెండు వంగడాల మధ్య తేడా నాలుగు బస్తాలే. రైతుకు కావలసిందీ ఆ తేడానే.

విలోమం లేని మాత్రికకు ప్రత్యామ్నాయం వెతికినవారిలో రావు మొదటివారేమీ కాదు. అమెరికన్ గణితవేత్త ఇ.హెచ్. మూర్ 1920లోనే ఒకటి ప్రతిపాదించారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1955లో రోజర్ పెన్‌రోజ్, అదే తర్వాత కృష్ణబిలాల పనికి నోబెల్ అందుకున్న పెన్‌రోజ్, నాలుగు షరతులు పెట్టి ఆ నాలుగూ తీర్చే మాత్రిక ఒక్కటే ఉంటుందని నిరూపించారు. అందమైన ఫలితం. సరిగ్గా అదే ఏడాది రావు ‘సంఖ్య’ పత్రికలో తన పద్ధతి ప్రచురించారు. ఆయన మాత్రిక పెన్‌రోజ్ షరతులన్నిటినీ తీర్చదు. అయినా సమీకరణాలు సాధించడానికి మామూలు విలోమం చేసే పనంతా చేసిపెడుతుంది.

1962 నాటికి ఆ సంగతిని ఆయన మరింత చిక్కగా చెప్పగలిగారు. అసలు మాత్రికను ‘ఎ’ అనీ, ప్రత్యామ్నాయాన్ని ‘జి’ అనీ అంటే, ఎ, జి, ఎ వరుసగా గుణిస్తే తిరిగి ఎ రావాలి. అంతే, మిగతా షరతులు అక్కర్లేదు. అలాంటి జి-లు ఎన్నో ఉంటాయి. ఏది పట్టుకున్నా నాలుగు బస్తాల తేడా లాంటి అసలు జవాబు మారదు. గణితవేత్తలు సాధారణంగా ‘ఒకే ఒక్కటి’ దొరికేదాకా నిద్రపోరు. ఆ ఒక్కటీ అక్కర్లేదని వదులుకోవడమే నా దృష్టిలో రావు చేసిన అసలు సాహసం. ఎదురుగా తేలాల్సిన లెక్క ఉన్నవాడికే అలాంటి తెగింపు వస్తుంది. మన పత్రికలు మాత్రం ఆయన పేరెత్తితే 1945 నాటి క్రామర్-రావు అసమానత దగ్గరే ఆగిపోతాయి.

సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో ఆయన ఈ సాధారణీకృత విలోమాల మీద ఏకంగా ఒక పుస్తకమే వెలువరించారు. ఇప్పుడు శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో పొలం ప్రయోగాల లెక్క వేస్తే, మాత్రిక అసాధారణమని తేలిందనీ, సాధారణీకృత విలోమంతో సమీకరణాలు సాధించామనీ ఫలితాల కింద ఒక గమనిక వస్తుంది. ఒకే విలువకు కట్టుబడని అంచనాల పక్కన ‘బి’ అనే అక్షరం ఉంటుంది. వాటిని విడిగా నమ్మొద్దని దాని అర్థం, తేడాలను నమ్మొచ్చు.