యాపిల్‌టాక్ పునరుజ్జీవనం: లిఖిత నియమావళి పాత్ర

మాకింతోష్ కంప్యూటర్లను, ప్రింటర్లను అనుసంధానించడానికి యాపిల్ సంస్థ 1985లో యాపిల్‌టాక్‌ను ప్రవేశపెట్టింది. ఇందులో రూటర్లు ప్రతి 10 సెకన్లకు తమ మార్గపట్టికలను ప్రసారం చేసేవి. దూరప్రాంతాలను కలిపే నెమ్మదైన లైన్లకు ఇది భారమైంది. మార్పు జరిగినప్పుడే మార్గసమాచారాన్ని పంపుతూ, యాపిల్‌టాక్ ప్యాకెట్లను ఇంటర్నెట్ ప్యాకెట్లలో పొదిగి చేరవేసే ఏయూఆర్‌పీ విధానం 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1504గా వెలువడింది. 2009లో విడుదలైన మాక్ ఓఎస్ ఎక్స్ 10.6 నుండి యాపిల్‌టాక్‌ను తొలగించారు. వాడుక తగ్గినా ఆ పత్రం అందరికీ అందుబాటులోనే ఉంది. దాని ఆధారంగా ఔత్సాహికులు నేటి కంప్యూటర్లపై పనిచేసే రూటింగ్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి, వేర్వేరు దేశాల్లోని పాత మాకింతోష్‌లను మళ్లీ కలుపుతున్నారు. మ్యూజియంలో భద్రపరచిన యంత్రం తన రూపాన్ని చూపగలదు. అది తోటి యంత్రాలతో సంభాషించిన తీరు తర్వాతి తరాలకు అందాలంటే, ఆ నియమాలు బహిరంగంగా లిఖితమై ఉండాలని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.