నల్లరేగడి సీమలో నల్లగుడ్డ

తమిళనాడులోని కోవిల్‌పట్టి నుంచి తూర్పుగా సుమారు 15 కిలోమీటర్లు వెళితే ఎట్టయపురం వస్తుంది. సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. పారిస్‌లో డగేర్ ఫొటో విద్యను లోకానికి చాటింది 1839లో. ఆ నాలుగేళ్ల తేడాతో దీక్షితుల ముఖం మనకు దక్కకుండా పోయింది. ఇళ్లలో పటం కట్టుకునే సంగీత త్రిమూర్తుల బొమ్మ చిత్రకారుడు ఎస్. రాజం ఊహ. అదే ఊళ్లో 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి ముఖం మాత్రం అందరికీ తెలుసు. ఆ తలపాగా, ఆ మీసం, ఎదుటివారిని నిలదీసే ఆ చూపు! ఆయన ఫొటోలు ఐదారుకు మించి మిగల్లేదు. వాటిని తీసినవాళ్లు ముందుగా నల్లగుడ్డ కింద తల దూర్చి, మహాకవిని తలకిందులుగా చూశారు.

ఈ వ్యాసం ఆ గుడ్డ గురించి.

పాతకాలపు స్టాండు కెమెరా నిజానికి ఒక చీకటి పెట్టె. ముందు కటకం, మధ్యలో తోలుతోనో మందపాటి గుడ్డతోనో చేసిన తిత్తి, వెనకాల గరుకు చేసిన మసక గాజు. కటకం లోంచి వచ్చిన వెలుతురు ఆ గాజు మీద బొమ్మ కడుతుంది. తల కిందికి, కాళ్లు పైకి, కుడి ఎడమలు తారుమారు. పైగా ఆ బొమ్మ చాలా బలహీనంగా ఉంటుంది. చుట్టుపక్కల వెలుతురు పడిందంటే మాయమైపోతుంది. అందుకే ఫొటోగ్రాఫర్ తననూ కెమెరా వెనక భాగాన్నీ కలిపి నల్లగుడ్డతో కప్పుకుంటాడు. లోపలికి వెళ్లగానే ఏమీ కనబడదు. కాసేపు ఆగాలి. కన్ను చీకటికి అలవాటుపడ్డాక ముందు ధోవతి అంచు, తర్వాత చెవిపోగు మెరుపు, చివరికి కళ్లు తేలతాయి. అప్పుడు మర తిప్పుతూ తిత్తిని ముందుకూ వెనక్కూ జరిపి, కంటిపాప పదునుగా కనిపించే చోట ఆపాలి.

గుడ్డలో వెలుతురు దూరే సందు ఉండకూడదు. రెండు పొరలుగా కుట్టినది, లేదా ముతక వెల్వెట్ అయితే మేలు. గాలికి లేవకుండా అంచుల్లో చిన్న బరువులు పెట్టి కుట్టేవారూ ఉన్నారు. బయట ఎండలో పని చేయడానికి లోపల నలుపు, పైన తెలుపు ఉన్న గుడ్డ మంచిది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. మే నెలలో కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్‌ల ఎండ ఎరిగినవారికి ఈ వివరం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో పెళ్లివారి గుంపు ఫొటో తీయాలి. ముప్పై మంది ముఖాలూ గుడ్డ కింద ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. చెమట కంట్లోకి జారుతుంది, ఊపిరి తగిలి గాజు మసకబారుతుంది. బయట పెద్దలు తొందరపెడుతుంటారు.

ఈ ఉపాయం ఫొటో విద్య కంటే పాతది. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ లింజ్ నగరంలో ఒక చిన్న నల్ల గుడారం వేసుకుని, దాని సందులోంచి లోపల పడే దృశ్యాన్ని కాగితం మీద గీసుకునేవాడని 1620లో హెన్రీ వాటన్ అనే ఆంగ్లేయుడు ఫ్రాన్సిస్ బేకన్‌కు లేఖ రాశాడు. ఆ గుడారం కుంచించుకుపోయి ఒక మనిషి భుజాల మీద పడితే మన నల్లగుడ్డ అవుతుంది.

ఈ దక్షిణ సీమకు పెద్ద కెమెరాను తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది లీనియస్ ట్రైప్ పేరు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా ఆయన 1858లో మధుర వచ్చి, మీనాక్షి గుడినీ శిథిలమవుతున్న తిరుమల నాయకుని మహలునూ మైనం పట్టించిన కాగితం నెగెటివ్‌ల మీదికి ఎక్కించాడు. తెలుగు నాయకులు కట్టించిన స్తంభాలు అలా మొదట తలకిందులుగా మసక గాజు మీద నిలబడ్డాయి.

ఆ నాయకుల వెంట, వారికి ముందూ వెనకా దక్షిణానికి తరలిన తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడిలో స్థిరపడ్డాయి. ఎట్టయపురం జమీందార్లు వారిలోని కంబళత్తు నాయకులు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి మాట తెలుగే. ఆ వలసనే ఆయన 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా మలిచారు. తమిళులు ఈ నేలను 'కరిసల్' అంటారు. పత్తి పండే నేల, పత్తి మిల్లుల ఊరు, పత్తీ మిరపా అమ్మే విరుదునగర్ బజారు. నల్లగుడ్డకు ఇంతకన్నా తగిన పుట్టిల్లు ఎక్కడుంటుంది?

1940లలో ఇదే కోవిల్‌పట్టిలో ఒక చిత్రకారుడు స్థిరపడ్డారు. పేరు సి. కొండయ్యరాజు. ఆ పేరు తెలుగు చెవికి వెంటనే చుట్టమవుతుంది. మద్రాసు కళాశాలలో చదివి, తిరువణ్ణామలై రమణాశ్రమంలో కొంతకాలం గడిపి, నాటక కంపెనీలకు తెరలు చిత్రించి, చివరికి ఇక్కడ శిష్యులతో కలిసి దేవుళ్ల బొమ్మలు వేశారు. పక్కనున్న శివకాశి అచ్చుయంత్రాలు వాటిని క్యాలెండర్లుగా ఇంటింటికీ చేర్చాయి. ఆయన 1976లో మరణించారు.

ఆయన్ను ఇక్కడ తలచుకోవడానికి కారణం నాటకాల తెర. ఫొటో స్టూడియోలో రెండు గుడ్డలుంటాయి. ఒకటి కూర్చున్నవారి వెనక వేలాడే రంగుల తెర: మేడమెట్లు, కొలను, వెన్నెల రాత్రి. నాటకం తెర వేసిన చేతులే చాలాచోట్ల స్టూడియో తెర కూడా వేశాయి. రెండోది కెమెరా వెనకాల ఉన్న నల్లగుడ్డ. మొదటిది ప్రతి ఫొటోలోనూ ఉంటుంది. రెండోది ఏ ఫొటోలోనూ ఉండదు. కెమెరా చరిత్ర రాసేవాళ్లు ఇత్తడి కటకాన్నీ టేకు చట్రాన్నీ వర్ణిస్తారు, గుడ్డను వదిలేస్తారు. నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. కటకం కొన్నది. ఆ గుడ్డ మాత్రం ఊళ్లో దర్జీ కుట్టగలిగినది, ఆ మనిషి చెమట పీల్చుకున్నది.

కెమెరా కూడా ఎప్పుడూ సీమ సరుకే కాదు. 1940లలో కేరళలోని అలప్పుళలో కరుణాకరన్ అనే పనివాడు 'వాగీశ్వరి' పేరుతో టేకు కెమెరాలు చేయడం మొదలుపెట్టాడు. వాళ్లది వాద్యాలు బాగుచేసే కుటుంబం. చిరిగిన కెమెరా తిత్తిని హార్మోనియం తిత్తిలా కుట్టి ఇచ్చిన అనుభవమే ఆ పనికి పునాది. ఆ కెమెరాలు దేశమంతటా స్టూడియోలకు చేరాయి. పాట ఊదిన చేతులే చూపునూ మడతపెట్టి కుట్టాయి.

హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టారు. ముసుగు తీసిన స్త్రీల ముందు ముసుగు వేసుకున్న స్త్రీ! ఆ గదిలో ఎవరు ఎవరిని చూశారో ఊహించుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకొక మాట మిగిలింది. బొమ్మ పదును సరిచూసుకున్నాక ఫొటోగ్రాఫర్ గుడ్డలోంచి బయటికి రావాలి. కటకం మూసి, మసక గాజు ఉన్నచోట పలక పెట్టె దూర్చి, దాని మూత లాగుతాడు. ఇక అతనికి ఏమీ కనబడదు. గాజు స్థానంలో పలక ఉంది. కెమెరా పక్కన నిలబడి, "కదలొద్దు" అని చెప్పి, కటకం టోపీ తీసి లెక్కపెడతాడు. అంటే అసలు క్షణంలో అతను చూసేది కెమెరాలోంచి కాదు, మామూలు కళ్లతో, ఎదురుగా, సూటిగా.

మీ ఇంట్లో తాతమ్మ ఫొటో ఉంటే ఒకసారి దించి చూడండి. ఆమె చూపు కటకానికి కొద్దిగా పక్కకు తిరిగి ఉంటే, అక్కడ టోపీ చేత్తో పట్టుకుని, నలిగిన జుట్టుతో, చెమట తుడుచుకోకుండా నిలబడి ఉన్నది అతనే కావచ్చు.