కంప్యూటర్‌పై చాయ్ ఒలికిందా? ముందు కరెంటు తీయండి, తుడవడం తర్వాత

చెన్నూరు: మీసేవ కేంద్రం, జిరాక్స్ దుకాణం, కిరాణా హోల్‌సేల్ కౌంటర్, ఎక్కడికి వెళ్లినా కీబోర్డు పక్కన చాయ్ గ్లాసు కనిపిస్తుంది. గిరాకీ కాగితాలు అందించే తొందరలో మోచెయ్యి తగిలి అది ఒలికిపోవడం కొత్తేమీ కాదు. ఆ తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకటే. పైపైన గుడ్డతో తుడిచి, నడుస్తుందా లేదా అని మళ్లీ ఆన్ చేసి చూస్తారు. చాలా మిషన్లు పాడయ్యేది ఆ ఆన్ చేసినప్పుడే.

చాయ్ పడినంత మాత్రాన కంప్యూటర్ పోదు. తడి ఉండగా కరెంటు పారితే పోతుంది. స్వచ్ఛమైన నీరు కరెంటును దాదాపు మోయదు. కానీ మనం తాగే వాటిలో ఉప్పులు, ఆమ్లాలు కలిసి ఉంటాయి. మదర్‌బోర్డు మీద గీతలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య ఒక్క చుక్క చేరినా షార్ట్ కావచ్చు. షార్ట్ కాకపోయినా, కరెంటు ఉన్నంతసేపు రాగి, తగరం లాంటి లోహాలు ఆ తడిలో కొద్దికొద్దిగా కరిగి పక్క గీత వైపు పాకుతాయి. కొన్నాళ్లకు బోర్డు మీద కనిపించే పచ్చని పొడి ఈ తుప్పే. "ఆ రోజు బాగానే నడిచింది, పదిహేను రోజులకు ఆగిపోయింది" అని చెప్పేవాళ్ల కథ వెనుక ఉన్నది ఇదే.

మొదటి నిమిషం

డెస్క్‌టాప్ అయితే గోడ దగ్గర స్విచ్ ఆపితే సరిపోదు. యూపీఎస్ తన బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తూనే ఉంటుంది, దాన్ని కూడా ఆపాలి. యూపీఎస్ మీదో, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదో చాయ్ పడితే దాన్ని తడి చేత్తో అసలు ముట్టుకోవద్దు. మెయిన్ ఆఫ్ చేశాకే దగ్గరికి వెళ్లాలి. అక్కడున్నది 230 వోల్టులు. కంప్యూటర్ మళ్లీ కొనుక్కోవచ్చు.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లకు పైగా నొక్కి పట్టాలి. షట్‌డౌన్ అయ్యేదాకా ఆగొద్దు. సేవ్ చేయని ఫైలు పోతే పోనివ్వండి. మౌస్, పెన్‌డ్రైవ్, వేలిముద్ర మిషన్ అన్నీ తీసేయాలి. మూత పూర్తిగా తెరిచి, కీబోర్డు కిందికి వచ్చేలా గుడారం ఆకారంలో బోర్లా నిలబెట్టాలి. అప్పుడు ద్రవం లోపలికి దిగకుండా వచ్చిన దారినే బయటికి వస్తుంది. అటూ ఇటూ ఊపి దులిపితే పొడిగా ఉన్న భాగాలకు కూడా తడి చేరుతుంది.

బ్యాటరీ బయటికి వచ్చే పాత మోడల్ అయితే వెంటనే తీసేయొచ్చు. కొత్తవాటిలో అది లోపల ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తగిలి ఉన్నంతసేపు బోర్డులో కొన్ని భాగాలకు కరెంటు అందుతూనే ఉంటుంది. కింది మూత విప్పడం వచ్చినవాళ్లు ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. రాకపోతే అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. రేపు చూద్దాం అనుకుంటే నష్టమే.

ఏం పడిందన్నదాన్ని బట్టి

మంచినీళ్లు పడితే ఆరిన తర్వాత బతికే అవకాశం ఎక్కువ. పాలు, చక్కెర కలిపిన చాయ్ అలా కాదు. నీరు ఆవిరైపోతుంది, జిగురు మిగిలిపోతుంది. కీలు అతుక్కుంటాయి, ఆ జిగురు గాలిలో తేమను పట్టుకుని వానాకాలంలో మళ్లీ తడి అవుతుంది. ఇఫ్తార్ షర్బత్, చెరకు రసం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కోలా డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. ఉప్పు వేసిన మజ్జిగ అన్నిటికంటే మొండిది. అందులో ఆమ్లం, ఉప్పు, పాల పదార్థం మూడూ ఉంటాయి. కాబట్టి నీళ్లు కాక ఇంకేం పడినా ఆరబెట్టడం ఒక్కటే చాలదు, కడగాలి కూడా.

కడిగేది ఎలా

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. అన్నిటికీ స్పిరిట్ రుద్దితే పోతుందనుకుంటారు. చక్కెర నీటిలో కరుగుతుంది గానీ ఆల్కహాల్‌లో సరిగా కరగదు. స్పిరిట్‌తో మాత్రమే తుడిస్తే బోర్డు మెరుస్తుంది, చక్కెర మాత్రం చిప్‌ల కింద అలాగే ఉంటుంది. మొదట డిస్టిల్డ్ వాటర్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఈ వరుసలో వెళ్లాలి. ఆల్కహాల్ మిగిలిన నీటిని తనతో కలుపుకుని తొందరగా ఆవిరైపోతుంది.

డిస్టిల్డ్ వాటర్ కోసం దూరం పోనక్కర్లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు అవే, బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతాయి. సీసా మీద డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ అని ఉందో లేదో చూసుకోవాలి. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది మరి. బోరు నీళ్లతో కడగొద్దు, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. ఐసోప్రొపైల్‌ను మొబైల్ రిపేర్ చేసేవాళ్లు ఐపీఏ అంటారు, 99 శాతం ఉన్నది తీసుకోవాలి. శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. థిన్నర్, పెట్రోల్ వాడితే ప్లాస్టిక్ దెబ్బతింటుంది, కీల మీద అక్షరాలు పోతాయి. ఐపీఏకి త్వరగా నిప్పు అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పని చేయాలి.

బ్యాటరీ, నాణెం ఆకారంలో ఉండే చిన్న సెల్, డిస్క్, ర్యామ్ తీసిన తర్వాతే బోర్డును ముట్టుకోవాలి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో, చాయ్ చేరిన చోట మాత్రమే నెమ్మదిగా రుద్దాలి. స్క్రీన్‌ను తడపొద్దు. డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది.

విడి కీబోర్డు సంగతి తేలిక. కేబుల్ పీకి, మొబైల్‌లో ఒక ఫొటో తీసుకుని కీలు ఊడదీయాలి. నీళ్లతో కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్ పోసి రెండు రోజులు ఆరబెట్టాలి. మామూలు రకం అయితే ఇంత కష్టం కంటే కొత్తది కొనడమే నయం.

ఆరబెట్టడానికి ఫ్యాన్ గాలి చాలు. కూలర్ ముందు పెట్టొద్దు, దాని గాలి నిండా తేమే. హెయిర్ డ్రయర్ వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, ద్రవం ఇంకా లోపలికి పోతుంది. మే నెల ఎండలో డాబా మీద పెట్టడం బ్యాటరీకి ప్రమాదం. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. మూసి ఉన్న బాడీ లోపలి తడిని బియ్యం లాగలేదు, పొడి మాత్రం పోర్టుల్లోకి దూరుతుంది. ఐఫోన్లను బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీ కూడా 2024లో తన సూచనల్లో చెప్పింది. కనీసం 48 గంటలు, వానాకాలంలో మూడు రోజులు ఆగాకే ఆన్ చేయాలి.

మిషన్ కంటే లెక్కలు ముఖ్యం

దుకాణదారుడికి అసలు ఆస్తి లోపలి టాలీ డేటా. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. అంటే 2024-25 సంవత్సరం పుస్తకాలు 2031 డిసెంబర్ 31 దాకా ఉండాలి. కంప్యూటర్‌లో రాసే లెక్కలకు బ్యాకప్ ఉండాలని, ప్రమాదం జరిగినా తిరిగి తీయగలగాలని 57వ రూల్ చెబుతోంది. చాయ్ పడింది సార్ అంటే రికార్డు చూపే బాధ్యత తీరదు. పోర్టల్‌లో వేసిన రిటర్న్‌లు ఉంటాయి గానీ ఉద్దెర ఖాతాలు, స్టాకు వివరాలు అక్కడ ఉండవు.

బోర్డు కాలిపోయినా చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. దాన్ని తీసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే డేటా వస్తుంది. డిస్క్ తడిసి ఉంటే మాత్రం తగిలించి చూడొద్దు. కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, విడిగా రాదు. మరో చిక్కు, కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ తాళం ముందే పడి ఉంటుంది. డిస్క్‌ను ఇంకో మిషన్‌లో తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది ఉందో లేదో ఈరోజే చూసి, రాసి పెట్టుకోవడం మంచిది.

రిపేరుకు ఇచ్చేటప్పుడు

మామూలు వారంటీలో ద్రవం పడిన నష్టం రాదు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొని ఉంటే తప్ప ఆశ పెట్టుకోవద్దు. అలాంటి ప్లాన్ ఉంటే స్వయంగా విప్పకుండా కంపెనీ సెంటర్‌కే ఇవ్వాలి. కొన్ని మోడళ్లలో తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్లు లోపల ఉంటాయి కాబట్టి దాచినా దాగదు. ఏం పడింది, ఎప్పుడు పడింది, తర్వాత ఆన్ చేశారా అనేది మెకానిక్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలి. బోర్డు కడగడానికి ఎంత, మార్చడానికి ఎంత అని ముందే విడివిడిగా అడగాలి. డేటా ముఖ్యమైతే ఫార్మాట్ చేయొద్దని జాబ్ షీట్ మీద రాయించుకోవాలి.

చెన్నూరు నుంచి మంచిర్యాల సుమారు 40 కిలోమీటర్లు. ల్యాప్‌టాప్‌ను అక్కడికి తీసుకెళ్లేవాళ్లు బ్యాగులో నిలువుగా పెట్టొద్దు, మిగిలిన ద్రవం ఒక మూలకు చేరుతుంది. కీబోర్డు కిందికి ఉండేలా తువాలులో చుట్టి ఒడిలో పెట్టుకోవాలి. దారిలో ఒకసారి ఆన్ చేసి చూద్దామని అనిపించినా చేయొద్దు.