అరుగుల మీద నిలిచిన చదువు

తాండూరు దాటి కరణ్‌కోట దారి పట్టిన వారికి ముందుగా కనిపించేది నాపరాయి. గనుల్లోంచి తీసిన బండలు, పాలిషింగ్ యూనిట్ల ముందు నిలబెట్టిన పలకలు, బరువుతో మెల్లగా కదిలే లారీలు. ఊరి పక్కనే సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ. రాయి లేని చోట కంది, పత్తి. వీటన్నిటికీ చేతులు కావాలి. పెద్దల కూలి గిట్టుబాటు కాదనుకున్న రోజున యజమాని చూపు పిల్లల మీద పడుతుంది. ఇంట్లో అప్పు ఉంటే అది ఇంకా తొందరగా పడుతుంది.

2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలోనిదే. బాల కార్మికుల విముక్తి కోసం మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తన పని మొదలుపెట్టింది ఆ జిల్లా పల్లెల్లోనే. 1981లో పుట్టిన ఆ సంస్థకు నలభై ఏళ్ళు నిండింది సరిగ్గా కరోనా కాలంలో. బడులు బందై, పిల్లలు చేలవైపు మళ్ళుతున్న రోజులవి. పండుగ చేసుకోవలసిన ఏడాది పరీక్ష పెట్టింది.

వెంకటరంగయ్య రాజనీతి శాస్త్రం బోధించిన ఆచార్యుడు, ఆంధ్ర స్వాతంత్ర్య పోరాట చరిత్రను నాలుగు సంపుటాలుగా కూర్చిన పండితుడు. ఆయన మనవరాలు, సంస్థను నడిపిన శాంతా సిన్హా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అదే శాస్త్రం చెప్పారు. శ్రమిక్ విద్యాపీఠ్ బాధ్యతతో ఆమె రంగారెడ్డి పల్లెలకు వెళ్ళింది పెద్దలకు చదువు చెప్పించడానికి, వెట్టి కూలీలను సంఘటితం చేయడానికి. అక్కడ తేలిందేమిటంటే తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువుల కాపరిగా కుదురుతున్నాడు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లోనే వచ్చింది. ఆ చట్టం ఉందన్న సంగతి ఆ పిల్లవాడికి చెప్పినవారే లేరు.

1991లో ఫౌండేషన్ అటువంటి పిల్లల కోసం శిబిరాలు మొదలుపెట్టింది. పదేళ్ళ పిల్లవాణ్ని ఒకటో తరగతిలో ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడు రాడు. అందుకని ముందు శిబిరంలో ఉంచారు. మొదట ఆట, పాట, కబుర్లు. తరవాత తన పేరు, ఊరి పేరు, గోడ మీది రాతలు, బస్సు బోర్డు. అక్షరం చేతికొచ్చాక వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. బ్రిడ్జి కోర్సు అని పిలిచిన ఈ పద్ధతిని తరవాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా చేపట్టింది. బడికి దూరమైన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి ఈడుకు తగ్గ తరగతిలో చేర్చాలని 2009 విద్యా హక్కు చట్టం చెప్పిన మాట వెనుక ఇలాంటి శిబిరాల అనుభవం ఉంది.

సంస్థ ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే. పగలంతా పని, రాత్రికి బడి అనే రాజీకి అది ఒప్పుకోలేదు. 1986 బాల కార్మిక చట్టం పనుల్ని ప్రమాదకరమైనవీ కానివీ అని విడదీసి వ్యవసాయాన్ని దాదాపు వదిలేసిన కాలంలో ఈ మాట చాలామందికి మొండితనంలా తోచింది. అది మొండితనమైతే, అంతటి మంచి మొండితనం మరి కొందరికీ ఉండవలసింది. ఊరూరా ఇల్లిల్లూ తిరిగి అయిదు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల జాబితా రాయడం, బడిలో లేనివారి పేర్లు గ్రామసభలో చదవడం, ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలని హెడ్మాస్టరుతో వాదించడం కార్యకర్తల దినచర్య అయింది.

1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసె పురస్కారం శాంతా సిన్హాకు వచ్చాయి. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలై 2013 వరకూ ఉన్నారు. పది లక్షల మందికి పైగా పిల్లల్ని పని నుంచి బడికి చేర్చామని సంస్థ లెక్క. తక్కిన ఏళ్ళన్నీ విస్తరణ, శిక్షణలు, సమావేశాలు.

2020 మార్చి మధ్యలో తెలంగాణలో బడులు మూతపడ్డాయి. పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు జరిగి ఆగిపోయాయి. జూన్‌లో వాటిని రద్దు చేసి 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లల్ని పాస్ చేశారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు వచ్చాయి. టీవీ లేని పిల్లవాణ్ని పక్కింటికో పంచాయతీ ఆఫీసుకో పంపమన్నారు.

అది పత్తి ఏరే కాలానికి ముందు నెల. తాండూరు పల్లెల్లో పాఠం వచ్చే వేళకు కరెంటు ఉండాలి, టీవీ ఉండాలి, పిల్ల ఇంట్లో ఉండాలి. మూడూ కలిసిన రోజులు ఎన్ని? ఇంటికి ఒక్క ఫోనుంటే అది తండ్రి జేబులో గనికి పోయేది. తల్లి చేనుకు పోతుంటే పెద్దపిల్ల వెంట పోయేది, చిన్నవాడు మేకల దగ్గరుండేవాడు. ఒకటీ రెండూ తరగతుల పిల్లలకు టీవీ పాఠం కూడా లేదు. బడిలో అడుగుపెట్టకుండానే రెండో తరగతికి వచ్చిన పిల్లల తరం అది. మధ్యాహ్న భోజనం వండే బడి పొయ్యి ఆరిపోయిన సంగతి వేరే చెప్పాలా?

ముప్పై ఏళ్ళ పాటు కష్టపడి కట్టిన గట్టు తెగినట్టయింది. లాక్‌డౌన్ మొదటి నెలల్లో బాల్య వివాహాల వార్తలు ఎక్కువయ్యాయి. ఆపడానికి పరుగులు తీసిన వారిలో బాలల హక్కుల సంఘం అధ్యక్షుడు అచ్యుతరావు ఒకరు. 2020 జులైలో కరోనా ఆయన్నే తీసుకుపోయింది.

ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో చదువును నిలబెట్టింది చాలాచోట్ల ఊరి యువతే. డిగ్రీ చదువుతూ కాలేజీ మూతపడి ఇంటికొచ్చిన అమ్మాయి, ప్రైవేటు బడిలో జీతం ఆగిన పంతులు, ఇంటర్ పాసై ఖాళీగా ఉన్న కుర్రవాడు సాయంత్రం అయిదింటికి అరుగు మీదో గుడి మండపంలోనో చాప పరిచేవారు. పదిమంది పిల్లలు, మూతికి గుడ్డ, ఒక నల్లబల్ల. అది లేకపోతే ఇంటి గోడే. ఒకటో తరగతి పిల్లా అయిదో తరగతి పిల్లవాడూ పక్కపక్కనే. పెద్దవాడు చిన్నదాని చెయ్యి పట్టి ‘అ’ దిద్దించేవాడు. బ్రిడ్జి శిబిరాలు మొదటి నుంచీ నమ్ముకున్నది ఇటువంటి ఊరి యువకుల్నే.

అయితే రాత్రిబడి వద్దన్న సంస్థ ఆశయానికి ఈ సాయంత్రపు చదువు విరుద్ధం కాదా అని అడిగినవారున్నారు. కాదు. బడికి బదులుగా పెట్టే చదువు పిల్లవాణ్ని పనిలోనే ఉంచుతుంది. బడికి తోడుగా నిలిచే చదువు, బడి తలుపు తెరిచేదాకా అతణ్ని బడి పిల్లవాడిగానే ఉంచుతుంది. అంత తేడా ఉంది.

పేర్లు చెప్పుకోకపోతే లోటు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, నెదర్లాండ్స్‌కు చెందిన హివోస్ అండగా నిలిచాయి. జాతీయ కన్వీనర్ ఆర్. వెంకట్‌రెడ్డి పల్లెల్లో తిరిగి పనిని నడిపించారు. బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడిన ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఊరూరి బాలల హక్కుల పరిరక్షణ వేదికలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలు, శిబిరాలకు బియ్యమూ కూరగాయలూ ఇచ్చిన రైతులు, గది ఇచ్చిన సర్పంచులు. వీరందరికీ నమస్కారాలు.

ఈ వరుసలో లేనివారి మాటే మనసును కలుక్కుమనిపిస్తుంది. నెలకు 12 వేల రూపాయలకు సర్కారు బడుల్లో పాఠాలు చెప్పిన విద్యా వాలంటీర్లను దాదాపు 12 వేల మందిని 2020–21లో కొనసాగించలేదు. పిల్లలకు మనిషి అవసరం అన్నిటికన్నా ఎక్కువైన ఏడాదిలోనే మనుషుల్ని వద్దనుకున్నారు. 2021లో ప్రైవేటు బడుల నుంచి లక్షకు పైగా పిల్లలు తెలంగాణ సర్కారు బడుల్లో చేరారు.

తమిళనాడు 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ మొదలుపెట్టింది. ఇంటి దగ్గరికే చదువు. దాదాపు రెండు లక్షల మంది వాలంటీర్లు, ఎక్కువగా ఊరి ఆడపడుచులు, సాయంత్రం పూట పిల్లలకు చెప్పారు. నెలకు వెయ్యి రూపాయలు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు అక్కడి పిల్లల్ని పరీక్షించి చూస్తే, బడులు తెరిచిన ఆరు నెలల్లో పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అందులో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల వల్లేనని తేలింది. ఊరి యువకుల చేత చదువు చెప్పించే విద్యను అంతకు ముప్పై ఏళ్ళ ముందే దేశానికి చూపించిన నేల మనది. ఆ పనిని మన ప్రభుత్వం రాష్ట్రమంతటా చేపట్టలేకపోయింది.

2021 సెప్టెంబరు 1న బడులు తెరిచారు. 2022 జనవరిలో మళ్ళీ మూసి ఫిబ్రవరి 1న తెరిచారు. ఆ ఆగస్టు 15 నుంచి ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి నేర్పే ‘తొలిమెట్టు’ వచ్చింది. ఆ ఏడాది కూడా విద్యా వాలంటీర్లను తీసుకోలేదు.